మూలపడిన చట్టం ఎవరిది?

కర్రు వాడకపోతే తుప్పు పడుతుంది. మరి చట్టం వాడకపోతే ఏమవుతుంది? లాయర్లు దీనికి ‘డెస్యుయెట్యూడ్’ అని నోరు తిరగని మాటొకటి పెట్టుకున్నారు. మన మాటల్లో చెప్పాలంటే వాడుక తప్పిపోవడం, మూలపడటం. ఎవరూ రద్దు చెయ్యకుండానే చట్టం చచ్చిపోవడం.

ఇంగ్లండులో ఈ సూత్రం చెల్లదు. పార్లమెంటు రద్దు చేసేదాకా చట్టం బతికున్నట్టే. మన సుప్రీంకోర్టు మాత్రం 1995లో పుణె కార్పొరేషన్, భారత్ ఫోర్జ్ కేసులో దీన్ని ఒప్పుకుంది. రెండు షరతులు పెట్టింది. చట్టం చాలాకాలం అమలు కాకుండా ఉండాలి. దానికి విరుద్ధమైన ఆచరణ చాలాకాలంగా సాగుతుండాలి. ఆ కేసు ఆక్ట్రాయ్ పన్నుది. కానీ ఆ రెండు షరతులూ చదివితే మాల మాదిగలకి గుర్తొచ్చేది పన్ను కాదు, సొంత ఊరు.

అంటరానితనాన్ని శిక్షించే చట్టం 1955లో వచ్చింది. హోటల్లో రెండు గ్లాసులు పోలేదు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం చేశారు. అది అమల్లోకి రావడానికే 1997 అయ్యింది. అమలు చెయ్యండి మొర్రో అని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సొచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. ఇప్పటికీ మ్యాన్‌హోళ్ళలో చచ్చేది మనవాళ్ళే. చట్టం మూలన ఉంది, విరుద్ధ ఆచరణ వీధిలో ఉంది.

అంతమాత్రాన ఈ చట్టాలు చచ్చాయని ఎవడన్నా అంటే నమ్మొద్దు. వీటి వెనక రాజ్యాంగం 17వ అధికరణం ఉంది. కోర్టులో చావని చట్టాన్ని పోలీస్ స్టేషన్లో చంపుతున్నారు, అదీ సంగతి!

1989 అట్రాసిటీ చట్టం దుర్వినియోగమవుతోందంటూ 2018 మార్చిలో సుప్రీంకోర్టు అరెస్టులకి అడ్డుకట్టలేసింది. ఏప్రిల్ 2న దళితులు వీధుల్లోకొచ్చారు. అదే ఏడాది పార్లమెంటు సవరణ తెచ్చి వాటిని తీసెయ్యాల్సొచ్చింది. దుర్వినియోగం మీద అంత గోల చేసినవాళ్ళకి నిరుపయోగం మీద గొంతు పెగలదేం?

ఆ చట్టం కింద 1995లో వచ్చిన రూల్స్ ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. మీ జిల్లాలో ఎప్పుడు కూర్చుందో కలెక్టరుని రాతపూర్వకంగా అడగండి. కేసు కట్టకుండా కావాలని నిర్లక్ష్యం చేసే ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి 4వ సెక్షన్ కింద జైలుంది. ఆ సెక్షన్ని కూడా మూల నుంచి బయటికి లాగాలి.

అంటరానితనానికి జీవో లేదు, గెజిట్ లేదు. అయినా ఒక్కరోజు కూడా అది మూలపడలేదు, రోజూ వాడుతున్నారు గనక. మన చట్టాన్ని మనమూ రోజూ వాడదాం.