‘కొత్తకోట’లో అక్షరాలెన్ని?

రెండో తరగతి పిల్లాడిని అడిగినా ‘నాలుగు’ అని ఠక్కున చెప్పేస్తాడు. ఫోన్‌ని అడిగితే మాత్రం ‘ఎనిమిది’ అంటుంది! హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే దారిలో, వనపర్తి జిల్లాలో ఉండే ఈ ఊరి పేరు దానికి అర్థమయ్యే తీరే వేరు. క, ఒత్వం, త, పొల్లు, మళ్లీ త, క, ఓత్వం, ట... ఇదీ దాని లెక్క.

వీటిలో ఒక్కోదానికీ ఒక్కో నంబరు ఉంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ ఇలా నంబర్లు ఇచ్చే పద్ధతే యూనికోడ్. 1991లో వచ్చిన తొలి కూర్పులోనే తెలుగుకీ చోటు దక్కింది. మనకి కేటాయించిన గదులు 128.

మీట నొక్కగానే కీబోర్డు ఆ నంబరుని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరవేస్తుంది. ఫోన్‌లో పనులన్నీ నడిపించే పెద్దదిక్కు అదే. వరసగా వచ్చిన నంబర్లను కలిపి, ఫాంట్ సాయంతో తెరమీద అక్షరంగా చూపిస్తుంది. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘త్త’కి విడిగా మీట లేదు. ఎల్, డి, ఎల్ మీటలు వరసగా నొక్కాలి. అంటే త, పొల్లు, త అన్నమాట.

ఈ కలపడంలో తేడా వస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఓ విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం... ఇవి ఇదే వరసలో ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు ఉన్నపళంగా మూసుకుపోయేవి. ‘జ్ఞానం’లోని తొలి అక్షరమే ఫోన్‌ని తికమక పెట్టిందన్నమాట! ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

ఈ లెక్క మన జేబుకీ తగులుతుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే హద్దు 70. ‘కొత్తకోట’ అని రాయగానే అందులో ఎనిమిది ఖర్చయిపోయినట్టే.

అసలు చిక్కు యాప్‌లు తయారుచేసేవాళ్లకి ఈ తేడా తెలియనప్పుడే. ఊరి పేరు రాసే గడిలో ‘నాలుగే’ అని హద్దు పెట్టారనుకోండి, కొత్తకోట కాస్తా ‘కొత్’ దగ్గర ఆగిపోతుంది! దరఖాస్తులో ఊరి పేరు సగమే పడితే ఇబ్బంది పడేది ఆ ఊరివాళ్లే.

మీ ఇంట్లో యాప్‌లు రాసే అబ్బాయో అమ్మాయో ఉన్నారా? అయితే ఓ చిన్నపని చెప్పండి. యాప్‌ని జనం చేతికిచ్చేముందు అందులో మీ ఊరి పేరు తెలుగులో టైపు చేసి, ఓ అక్షరం చెరిపి, మళ్లీ రాసి చూడమనండి. ఒత్తులూ గుణింతాలూ చెక్కుచెదరకుండా ఉంటే పాసైనట్టే!