ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు

బాత్‌రూమ్‌ను పగలగొట్టి కొత్తగా కట్టించేటప్పుడు టైల్సు రంగు మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా వైరింగు మీద జరగదు. డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) కొత్త ఎంసీబీలు ఉన్నాయి, పెరట్లో ఎర్త్ గొయ్యి ఉంది, ఇంకేం కావాలి అన్న ధీమాయే దీనికి కారణం. మొన్నమొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురంలో ఈ ధీమాకు మరో మాట తోడవుతుంది: అండమాన్‌లో చలే లేదు, గీజరే అక్కర్లేదు, ఇక బాత్‌రూమ్‌లో కరెంటు భయం ఎక్కడిది? వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేస్తే మాత్రం నిలబడదు.

ఎంసీబీ పుట్టింది వైరు కాలిపోకుండా చూడటానికి. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పారేది 0.23 ఆంపియర్లు. అందులో నాలుగో వంతు కొన్ని సెకన్లు పారినా గుండె లయ తప్పవచ్చు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం ఆ మనిషి అరవై వాట్ల బల్బు కన్నా చిన్న లోడు. సరే, ఎర్త్ ఉంది కదా అంటారు. వాషింగ్ మెషీన్‌లో ఫేజు దాని రేకు ఒంటికి తగిలిందని, ఎర్త్ నిరోధం పది ఓములని అనుకోండి. భూమిలోకి పోయేది మహా అయితే 23 ఆంపియర్లు. ఇరవై ఆంపియర్ల ఎంసీబీ అంత కొద్ది అదనానికి గంట గడిచినా పడకపోవచ్చు. అంతసేపూ మెషీన్ ఒంటి మీద ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ అనే పరికరం చూసే లెక్క వేరు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా తెంచేస్తుంది. ఎర్త్ నిరోధం పది కాదు, 1600 ఓములున్నా మెషీన్ ఒంటి మీద 50 వోల్టులు నిలవనివ్వదు.

ఆ వెసులుబాటు అవసరం ఈ దీవుల్లో మరీ ఎక్కువ. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన, ఆపైన ఉప్పుగాలి. ఎర్త్ కడ్డీ దగ్గర బోల్టులు తుప్పు పడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నేల ఎండితే నిరోధం పెరుగుతుంది. నిరుడు వానల్లో బాగున్న ఎర్త్ ఈ వేసవిలో బాగుందనడానికి హామీ లేదు. గీజరు లేని మాట నిజమే, కానీ వాషింగ్ మెషీన్ చాలా ఇళ్లలో బాత్‌రూమ్‌లోనే ఉంటుంది. ధానీఖారి జలాశయం నీళ్లు వేసవిలో రోజూ రావు కనుక సంపు, మోటారు కూడా తప్పవు. పాత ఇళ్ల మరమ్మతులో ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకప్పుడు జీఐ నీళ్ల పైపే తెలియకుండా ఎర్త్‌గా పనిచేసేది. మేస్త్రి దాన్ని కోసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయగానే ఆ దారి తెగిపోతుంది. పంపు కొత్తదే, గోడ కొత్తదే, భద్రత మాత్రం నిన్నటికన్నా తక్కువ.

వానాకాలంలో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుందన్నది ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. అది ఊరికే పడదు. చెమ్మెక్కిన హోల్డరో ఒలిచిన వైరో కరెంటును గోడలోకి వదులుతోందని చెబుతుంది. ఇల్లంతటికీ ఒకటే పెడితే ఫ్రిజ్జు కూడా ఆగుతుంది, ఆ విసుగు న్యాయమే. బాత్‌రూమ్‌కు విడిగా ఒక ఆర్‌సీబీఓ పెడితే ఆ గొడవ ఉండదు, ఓవర్‌లోడు పని కూడా అదే చూస్తుంది. ఇన్వర్టరు వేయగానే పడుతుందంటే చాలాసార్లు తప్పు ఎలక్ట్రీషియన్‌ది, రెండు సర్క్యూట్ల న్యూట్రల్‌లు కలిపేసి ఉంటాడు. డీజిల్ జనరేటర్ల మీద ఎక్కువగా ఆధారపడిన దీవుల సరఫరాలో వోల్టేజీ ఊగిసలాడితే పరికరం పనిచేస్తుందా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. అందుకే సరఫరా వోల్టేజీతో నిమిత్తం లేకుండా పనిచేసే ఎలక్ట్రోమెకానికల్ రకాన్నే అడిగి కొనాలి. ఓడలో వచ్చే సరుకు కాబట్టి ధర ఎక్కువన్నది నిజం, కానీ అదే ఓడలో వచ్చిన ఇటాలియన్ టైల్సుకు ఎవరూ బేరమాడటం లేదు. చట్టం అడగలేదుగా అనేవాళ్లూ ఉన్నారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన, 2023లో రద్దయిన నియమాల్లో అయిదు కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లకు ఈ రక్షణ తప్పనిసరి చేయలేదు. మినహాయింపు ఇచ్చింది లోడును చూసి. తడికాళ్లతో నిలబడ్డ మనిషికి లోడు ఎంతయినా ఒకటే.

ఆర్‌సీసీబీకీ హద్దుంది. ఫేజును, న్యూట్రల్‌ను ఒకేసారి పట్టుకున్న చేతిని అది గుర్తించదు. కాబట్టి ప్లగ్గును షవరు జల్లు పడే చోటికి కనీసం 60 సెంటీమీటర్లు అవతల పెట్టాలి. మన ఇరుకు బాత్‌రూమ్‌లలో అంత చోటు దొరకదు గనుక ప్లగ్గూ, స్విచ్చులూ తలుపు బయటే ఉండాలి. మిగిలిన లోహపు పైపుల్ని, కిటికీ చట్రాన్ని ఎర్త్ వైరుతో కలపడం టైల్సు అతికించకముందే జరగాలి. బిల్లు చెల్లించే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్టు మీట నొక్కించి చూడండి, ఎర్త్ నిరోధం కొలిచి ఎన్ని ఓములో కాగితం మీద రాసివ్వమనండి.