బండిని కదిలించింది నిమ్మకాయ కాదు

సోమవారం ఉదయం ఎనిమిదింటికి తాళం తిప్పితే కారు స్టార్ట్ కాదు. టకటకమని చప్పుడు వస్తుంది, ఇంజను తిరగదు. అప్పుడు మన ఇళ్లలో మొదలయ్యే విచారణ బండి గురించి కాదు, మనుషుల గురించి. ఎవరు ఎదురొచ్చారు? ఎవరు తుమ్మారు? కొత్త కారు మీద ఎవరి కన్ను పడింది? ఇంతలో ఎవరో నిమ్మకాయ తెస్తారు. బండి చుట్టూ మూడుసార్లు దిష్టి తీసి టైరు కింద పెడతారు. బానెట్ ఎత్తి అగరొత్తులు తిప్పుతారు, కొబ్బరికాయ కొడతారు. ఇరవై నిమిషాలు గడుస్తాయి. మళ్లీ తాళం తిప్పితే కారు స్టార్ట్ అవుతుంది.

ఈ చివరి మాట అబద్ధం కాదు. చాలాసార్లు నిజంగానే స్టార్ట్ అవుతుంది. ఇక్కడ హేతువాది "అదంతా ఉత్తదే" అని కొట్టిపారేస్తే ఎవరూ వినరు, ఎందుకంటే వాళ్లు కళ్లారా చూశారు. చూసినదాన్ని కాదనడం మన పని కాదు. అది ఎందుకు జరిగిందో చెప్పడమే మన పని.

కారు బ్యాటరీలో సీసపు పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకామ్లం ఉంటాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు ఒక్కసారిగా వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. బలహీనపడిన బ్యాటరీలో పలకలను ఆనుకున్న ఆమ్లం ఆ కాసేపట్లోనే పలచబడిపోతుంది, వోల్టేజి పడిపోతుంది. కంగారులో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంకా పడుతుంది. బండిని అలా వదిలేస్తే దూరంగా ఉన్న ఆమ్లం మెల్లగా పలకల్లోని సన్నని రంధ్రాల్లోకి చేరుతుంది, వోల్టేజి కొంత కోలుకుంటుంది. ఒక్కసారి ఇంజను తిప్పడానికి ఆ కొంత చాలు. అంటే బండికి కావలసింది ఇరవై నిమిషాల విశ్రాంతి. పూజ ఆ విశ్రాంతి ఇప్పించింది, పేరు మాత్రం నిమ్మకాయకు వచ్చింది.

కార్బురేటర్ ఉన్న పాత అంబాసిడర్లు, పద్మినీల్లో ఇదే ఇంకో రకంగా జరిగేది. చోక్ ఎక్కువ లాగితే పెట్రోలు ఎక్కువై స్పార్క్ ప్లగ్గులు తడిసిపోయేవి. బానెట్ ఎత్తి కాసేపు వదిలేస్తే ఆ పెట్రోలు ఆవిరైపోయేది. కొన్నిసార్లు కుంకుమ పెట్టబోయిన చెయ్యి తగిలి వదులైన టెర్మినల్ సరిగ్గా కూర్చుంటుంది. కారణం ఏదైనా, దాన్ని పరీక్షించే దారి ఒక్కటే. నిమ్మకాయ లేకుండా, మంత్రం లేకుండా, లైట్లూ ఏసీ ఆపేసి అంతసేపే ఆగి చూడండి. ఇంకో మాట కూడా ఉంది. నిమ్మకాయ పెట్టినా కదలని బండ్లు ఎన్నో ఉన్నాయి. వాటి కథ ఎవరూ చెప్పుకోరు, మెకానిక్‌ను పిలిపించి బాగుచేయించుకుని మరిచిపోతారు. గెలిచినవాటినే లెక్కపెట్టే ఖాతాలో ఓటమి ఎప్పటికీ కనిపించదు.

రాహుకాలం సంగతి చూద్దాం. పంచాంగం ప్రకారం సోమవారం అది ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. శని, ఆదివారాలు కదలకుండా నిలబడిన బండిని ఉద్యోగస్థులు బయటికి తీసేది కూడా సరిగ్గా అప్పుడే. బండి ఆగి ఉన్నా గడియారం, అలారం, బయట బిగించిన డ్యాష్‌క్యామ్, ట్రాకర్ లాంటివి బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. మూడు నాలుగేళ్లు వాడిన బ్యాటరీ వారంలో ఏదో ఒక రోజు మొరాయించాలంటే అది సోమవారం ఉదయమే కావడానికి అవకాశం ఎక్కువ. కొన్న బండిని మూఢంలో ఇంటికి తెచ్చుకోకూడదని, ఆషాఢం దాటాలని కొత్త కార్లను వారాల తరబడి షోరూమ్ యార్డులో నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. అలా నిలబడితే కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. ముహూర్తం రోజున హారతి ఇచ్చి తాళం తిప్పితే బండి పలకదు, అప్పుడు బండి అచ్చిరాలేదంటారు. ఆచారం తెచ్చిపెట్టిన లోపానికి బండి జాతకాన్ని తప్పుపడతారు. అంకెల కూడిక తొమ్మిది రావాలని, ఎనిమిది శనిదని ఫ్యాన్సీ నంబరుకు లక్షలు పోసేవాళ్ల బ్యాటరీ కూడా మిగతావాళ్ల బ్యాటరీ లాగే దిగిపోతుంది.

ఆటోనగర్ షెడ్డులో పనిచేసే మెకానిక్‌కు కూడా భక్తి ఉంటుంది. గోడకు దేవుడి పటం ఉంటుంది, దసరాకు స్పానర్లకు బొట్లు పెడతాడు. కానీ స్టార్ట్ కాని బండి దగ్గరికి వచ్చాక అతను మొదట అనే మాట "లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి సార్" అని. లైట్లు ఒక్కసారిగా మసకబారితే బ్యాటరీనో టెర్మినలో అనుకుంటాడు. లైట్లు దేదీప్యంగా ఉండి ఇంజను తిరగకపోతే స్టార్టర్, రిలే, ఎర్త్ వైరు, ఆటోమేటిక్ బండైతే గేరు పార్క్‌లో ఉందా లేదా చూస్తాడు. ఇంజను తిరుగుతూ అందుకోకపోతే పెట్రోలు రావడం లేదా, స్పార్క్ రావడం లేదా, తాళాన్ని ఇమ్మొబిలైజర్ గుర్తుపట్టడం లేదా అని అటు వెళతాడు. మీటరు పెడితే నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య లేకపోతే ఆల్టర్నేటర్ సరిగ్గా చార్జి చేయడం లేదన్నమాట. ఒక్కో అనుమానాన్ని విడిగా పరీక్షించి, కాదని తేలినదాన్ని పక్కన పెట్టి ముందుకు పోవడం అతని పద్ధతి. ఇది ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసే పనే. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి చేతిలో ఇంత శాస్త్రీయ దృష్టి ఉన్నప్పుడు, డిగ్రీలున్న కారు యజమాని చేతిలో నిమ్మకాయ ఉండడం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లోనే రాజ్యాంగంలో 51ఎ అధికరణంగా రాసుకున్నాం.

"ఒక నిమ్మకాయేగా, నష్టమేముంది" అనేవాళ్లకు రెండు విషయాలు చెప్పాలి. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, నిప్పు తగిలితే పేలుతుంది. వేరే బండి నుంచి కేబుళ్లతో కరెంటు ఇచ్చేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పును బ్యాటరీకి కాక దూరంగా ఇంజను లోహానికి తగిలించమనేది అందుకే. అలాంటిచోట ఎత్తిన బానెట్ కింద కర్పూరం వెలిగించడం ప్రమాదం. రెండోది, పూజ తరువాత స్టార్ట్ అయిన బండిని ఇక ఎవరూ మెకానిక్‌కు చూపించరు. లోపం లోపలే ఉంటుంది. రెండు రోజుల తరువాత అర్ధరాత్రి హైవే మీద, పిల్లలతో ఉన్నప్పుడు అదే బ్యాటరీ మళ్లీ చేతులెత్తేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం మనుషులకు జరుగుతుంది. "ఎవరెదురొచ్చారు" అన్న ప్రశ్నకు మన ఊళ్లలో జవాబు తరచుగా ఒక్కటే, భర్త పోయిన ఆడమనిషి. ఆమె ఆ ఇంటి అత్తో, పిన్నో, పక్కింటి అక్కో కావచ్చు. కారు బయల్దేరుతోందని తెలిస్తే గుమ్మం వెనక్కి తప్పుకోవడం ఆమెకు అలవాటు చేశాం. పొరపాటున వాకిట్లో ఉండగా బండి మొరాయిస్తే ఆ రోజంతా ఆమె తలెత్తదు. తుప్పు పట్టిన టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడి చేసిన నేరానికి ఒక మనిషి శిక్ష అనుభవిస్తుంది. ఇది అమాయకమైన నమ్మకం కాదు, క్రూరత్వం. దీన్ని సంప్రదాయమని గౌరవించాల్సిన అవసరం నాకు కనిపించదు.

మీ కారు బ్యాటరీ మీద తయారీ తేదీ ఉంటుంది, ఈ వారం ఒకసారి చూసుకోండి. మన ఎండలకు బ్యాటరీ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది కాబట్టి మూడేళ్లు దాటితే షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. వీధిలో ఎవరి బండి ఆగినా, గుంపులో ఎవరైనా "ఎవరెదురొచ్చారు" అని అడిగితే ఆ ప్రశ్నను అక్కడే గట్టిగా ఖండించండి. వాకిట్లో నిలబడిన ఆ పెద్దావిడను వచ్చి ముందు సీట్లో కూర్చోమనండి.