పెంకు పగిలితే చాలునా?

మన ఉక్కునగరంలో సాయంకాలం ఏ మైదానానికి పోయినా తెల్ల దుస్తుల పిల్లలు వరుసకట్టి కరాటే నేర్చుకుంటూ కనబడతారు. సంతోషమే. వార్షికోత్సవాల్లో ఎవరైనా చేత్తో పెంకులు పగలగొడితే మనమంతా చప్పట్లు కొడతాం. కాని పెంకు పక్కకు తప్పుకోదు, మోసం చెయ్యదు. మా ఊళ్ళో పండక్కి కర్రసాము చేసేవాళ్ళకి కూడా అవతలివాడి కర్ర ఎటునుంచి వస్తుందో ముందే తెలుసు. అది కళ, దాన్ని తక్కువ చెయ్యను. పోట్లాట మాత్రం వేరు. సంతలో ఎద్దును కొనే రైతు కొమ్ముల రంగు చూసి డబ్బివ్వడు, కాడి కట్టి నడిపించి చూస్తాడు.

2017లో చైనాలోని చెంగ్డూలో షు షియావోడాంగ్ అనే పోటీ యోధుడు, వెయ్ లెయ్ అనే తాయ్‌చీ గురువును అర నిమిషంలోపే పడగొట్టాడు. విచిత్రమేమంటే, గెలిచినవాడి మీదే ఎందరో విరుచుకుపడ్డారు! భ్రమ చెదరగొట్టినవాణ్ణి లోకం తేలిగ్గా క్షమించదు.

మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ సంగతి చూడండి. 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడిపోయింది. ఆ వూ యూకే చివరకు స్వర్ణం దక్కింది. ఈ ఓటమితో నిఖత్ బలం అబద్ధమైపోలేదు, దాని హద్దు ఎక్కడుందో తెలిసింది. ఉక్కు ముక్కను కూడా యంత్రంలో బిగించి తెగేదాకా లాగితేగాని దాని సత్తువ తేలదు. అలా తెగడం ఉక్కుకు అవమానం కాదు కదా!

ఇదంతా ఎందుకంటే, "కరాటే నేర్చుకున్నావుగా, ఇంక భయమెందుకు?" అని ఆడపిల్లలతో అనేవాళ్ళు ఎక్కువయ్యారు. బాక్సింగులో యాభై కిలోలవారిని డెబ్బై అయిదు కిలోలవారితో దించరు. వీధిలో ఆ తూకం ఎవరు వేస్తారు? రాత్రి బస్సు దిగిన అమ్మాయికి నలుగురు అడ్డం వస్తే, ఒకడి చేతిలో కత్తి ఉంటే, బెల్టు రంగు చూసి ఎవడూ ఆగడు. అక్కడ అరుపు, పరుగు, వీధిదీపం, ఆదుకునే మనిషి ముందు కావాలి. ఉత్త ధైర్యం నూరిపోయడం భయం కన్నా ప్రమాదం.

అందుచేత మన విద్యార్థి సంఘానికి నాదొక మనవి. ఆత్మరక్షణ తరగతులు తప్పక పెట్టండి. తగిన రక్షణ కవచాలు తొడిగి, ఎదుటివారు నిజంగా ప్రతిఘటించేలా అభ్యాసం చేయించండి. ఎప్పుడు తప్పుకుపోవాలో కూడా నేర్పించండి. దాంతోపాటు హాస్టలు దారిలో దీపాలు వెలిగేలా చూడండి.