సీమ ఆసుపత్రులు - మన వైద్యులు

ఆంగ్లదేశపు ఆసుపత్రులలో కొలువు గోరి మన వైద్య పట్టభద్రులు ఏటేట సముద్రము దాటుచున్నారు. వారిని గన్నవారిలో పొలము కుదువబెట్టి పంపినవారును గలరు. కావున ఆ దేశమువారు విధించిన నిబంధనలలో న్యాయమైనవేవో, కానివేవో విచారించుట అవసరమని తలంచుచున్నాము.

అచట వైద్యము చేయగోరువారు మొదట జనరల్ మెడికల్ కౌన్సిలువారి రిజిస్టరునందు చేరవలెను. మన దేశమున చదివినవారిలో పెక్కుమందికి అందులకు మార్గము ప్లాబ్ అను పరీక్ష. దానికి ముందు ఆంగ్లభాషా పరీక్ష గలదు. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వ్రాసినచో మొత్తముమీద 7.5 రావలెను, చదువుట, వ్రాయుట, వినుట, మాటలాడుట అను నాలుగింట దేనియందును 7కు తగ్గరాదు. ప్లాబు మొదటి భాగమున మూడు గంటలలో 180 ప్రశ్నలు. దీనిని స్వదేశమునందే వ్రాయవచ్చును. రెండవ భాగమునకు మాంచెస్టరు నగరమునకే పోవలెను. అచట రోగి వేషము వేసిన నటుల యెదుట, ఘట్టమునకు ఎనిమిది నిమిషముల చొప్పున, అభ్యర్థి రోగమడిగి, నాడి చూచి, ధైర్యము చెప్పి, చికిత్స నిర్ణయింపవలెను. పండ్రెండు మాసముల ఆసుపత్రి శిక్షణయు, పట్టము నిజమైనదను ధ్రువీకరణమును వీనికి తోడు.

ఇది మనకు అవమానమనువారితో మేము ఏకీభవింపము. రోగికి వైద్యుని మాట తెలియవలెను. వైద్యునికి రోగి బాధ తెలియవలెను. రష్యాలో, చైనాలో చదివివచ్చిన మన బిడ్డలకే మనము 2002 నుండి ప్రత్యేక పరీక్ష పెట్టుచున్నాము గదా! మన యింట ధర్మమైనది పొరుగింట అధర్మమెట్లగును?

అయితే కొలబద్ద అందరికి నొక్కటే కావలెను. 1930లో ఆ కౌన్సిలువారు మన విశ్వవిద్యాలయముల పట్టములను గుర్తించుట మానిరి. ఆ వివాదము నడుమనే 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిలు శాసనము పుట్టినది. 1948లో వారి జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడిన పిమ్మట వైద్యులు చాలక మనవారిని పిలిచిరి. వేల్సు బొగ్గుగనుల లోయలలో, స్వదేశపు వైద్యులు పోనొల్లని కార్మికుల పేటలలో, మనవారు జీవితములు గడపిరి. 1975లో మరల గుర్తింపు తీసివేసి పరీక్ష పెట్టిరి. అదే సంవత్సరమున ఐరోపా సమాజమువారు సభ్యదేశముల వైద్యపట్టములను పరస్పరము గుర్తించు కట్టడి చేసికొనిరి! ఇటలీ వైద్యునికి ప్లాబు లేదు. 2014 వరకు అతని ఆంగ్లమునైనను కౌన్సిలు పరీక్షింపజాలకుండెను. 2020 కడపట ఐరోపా కూటమితో తెగతెంపులు పూర్తియైనను ఆ మినహాయింపు పోలేదు. గుంటూరు వైద్యుని రోగికి వలసిన రక్షణ, ఇటలీ వైద్యుని రోగికి అక్కరలేదా?

మన కుటుంబములు గుర్తింపని సంగతి మరియొకటి. రిజిస్టరు వేరు, కొలువు వేరు. కౌన్సిలు పరీక్షించునే గాని ఉద్యోగమీయదు. ఆసుపత్రులు తమ ఖాళీలను తామే ప్రకటించుకొని, తమకు నచ్చినవారిని దీసికొనును. రెండు భాగములు ముగించిన యువకుడు మరల మొదటినుండి దరఖాస్తులు పెట్టుకొనవలసినదే. పైగా 2025లో ప్రకటించిన పదియేండ్ల ఆరోగ్య ప్రణాళికలో, ప్రత్యేక శిక్షణా స్థానములకు తమ దేశమున చదివినవారికే ముందుపీట వేయుదుమని అచటి ప్రభుత్వము చెప్పినది. తమ పిల్లలను తాము చూచుకొనుటలో తప్పులేదు. కాని ఫలానియేడు ఇన్ని స్థానములు, అందు పరదేశులకిన్ని దక్కినవని పరీక్షకు రుసుము గట్టకముందే అభ్యర్థికి తెలుపుట వారి ధర్మము.

శిక్షణాలయముల ప్రకటనలు ఉత్తీర్ణుల పటములు చూపును. ఉత్తీర్ణులై కొలువు లేక కూర్చున్నవారి లెక్క చూపవు. పొలము దస్తావేజు బయటికి దీయకముందు, నిరుడు పరీక్ష నెగ్గినవానిని వెదకి, కొలువునకెన్ని మాసములు పట్టినదని తండ్రులు అడుగుదురు గాక. లండనునందలి మన హైకమిషనువారును ఈ లెక్కలను ఏటేట ఆ ప్రభుత్వమునుండి అడిగి తెప్పించి, మన వైద్య కళాశాలలకు పంపవలెనని కోరుచున్నాము.