చెప్పేవాడికి వినేవాడు లోకువ

పెద్దలు ఊరికే అనలేదు, చెప్పేవాడికి వినేవాడు లోకువ అని. ఈ సామెత టెలివిజనుకు సరిపోయినంతగా మరి దేనికీ సరిపోదేమో. రాత్రి భోజనాల వేళ మన జిల్లాలో ఏ ఊళ్లో ఏ వీధిన నడిచినా ఇళ్లలోంచి వినిపించేది ఒకటే గోల. తెర మీద ఆరు గళ్లు, ఆరు గళ్లలో ఆరుగురు మనుషులు, వారందరినీ మించి అరిచే నిర్వాహకుడు. విషయం ఉక్రెయిన్ యుద్ధం కావచ్చు, అమెరికా సుంకాలు కావచ్చు, కువైట్‌లో మనవాళ్ల అవస్థలు కావచ్చు. గంటసేపు చూసి టీవీ కట్టేశాక ఏం తెలిసిందని అడిగితే చెప్పగలిగినవారు అరుదు. ఎవరు ఎవరిని ఎంత మాటన్నారో మాత్రం మర్నాడు టీ కొట్టు దగ్గర పొల్లుపోకుండా అప్పజెబుతారు.

ప్రపంచ వార్తలు మనకెందుకులే అనుకునే కాలం ఏనాడో వెళ్లిపోయింది. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌లో అడుగుపెడితే, ఇక్కడ కిరాణా కొట్లో పొద్దుతిరుగుడు నూనె ధర మండింది. ఎందుకంటే మనం కొనే ఆ నూనెలో ఎక్కువ భాగం అక్కడినుంచే వచ్చేది. పొటాష్ ఎరువు సంగతీ అంతే, దాదాపు అంతా దిగుమతే. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన రాష్ట్రం వారూ ఉన్నారు. గోదావరి జిల్లాల నుంచి ఆ దేశానికి వెళ్లినవారు ఎందరో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇన్ని సంగతుల మీద బాధ్యత గల ఒక్క మనిషిని కూర్చోబెట్టి, గంటసేపు వరసగా, మర్యాదగా, వదలకుండా ప్రశ్నలు అడిగిన కార్యక్రమం మన తెలుగు ఛానళ్లలో నా కంటపడలేదు.

అటువంటి ఇంటర్వ్యూ అంటే ఏమిటో తెలియాలంటే 1977 నాటి ఉదంతం ఒకటి చెప్పుకోవాలి.

అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1974 ఆగస్టు 9న రాజీనామా చేశారు. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపి మనల్ని బెదిరించిన నిక్సన్ ఈయనే. వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలోకి దొంగలు జొరబడిన కేసును కప్పిపుచ్చడంలో ఆయన చెయ్యి ఉన్నట్లు తేలడంతో పదవి పోయింది. ఆయన తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఫోర్డ్ నెల తిరక్కుండానే పూర్తి క్షమాభిక్ష ప్రసాదించారు. ఇక కోర్టు లేదు, బోను లేదు, సాక్ష్యం లేదు. నిక్సన్‌ను నిలదీసి అడిగే చోటు ఆ దేశంలో ఎక్కడా లేకుండా పోయింది.

అప్పుడు ముందుకొచ్చినవాడు డేవిడ్ ఫ్రాస్ట్ అనే ఇంగ్లీషు టెలివిజను మనిషి. నవ్వులాటలకు, సినిమా తారలతో కబుర్లకు పేరుపడ్డవాడు. ఈయనేం అడుగుతాడులే, నిక్సన్ నమిలి మింగేస్తాడు అని అందరూ అనుకున్నారు. పైగా ఫ్రాస్ట్ నిక్సన్‌కు 6 లక్షల డాలర్లు, లాభాల్లో వాటా ఇస్తానని ఒప్పుకున్నాడు. డబ్బిచ్చి వార్త కొనడం తప్పని అమెరికాలోని పెద్ద టెలివిజను సంస్థలు మొహం తిప్పుకున్నాయి. ఫ్రాస్ట్ అప్పోసప్పో చేసి, ప్రకటనదారులను తనే వెతుక్కుని, ఒక్కొక్క స్టేషనుకు విడివిడిగా కార్యక్రమం అమ్ముకున్నాడు.

డబ్బివ్వడం సబబేనా అంటే, సబబు కాదనే అనాలి. తప్పు చేసిన పెద్దమనిషికి ఆ తప్పు గురించి చెప్పినందుకు కూలీ కట్టడం ఏం న్యాయం? అయితే ఆ ఒప్పందంలోనే మరో షరతు కూడా ఉంది. ప్రశ్నలు ముందుగా చెప్పరు, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నిర్ణయించే హక్కు నిక్సన్‌కు లేదు. ఈనాడు పైసా తీసుకోకుండా ఇంటర్వ్యూలిచ్చే నాయకులు ఎందరో ఉన్నారు. వారిలో ఎంతమంది ఈ షరతుకు ఒప్పుకుంటారో మీరే ఊహించుకోండి.

రికార్డింగు 1977 మార్చిలో మొదలైంది. మొత్తం 12 రోజులు, 28 గంటల పైచిలుకు. మొదటి రోజుల్లో నిక్సన్‌దే పైచెయ్యి. చిన్న ప్రశ్నకు చాంతాడంత జవాబు చెప్పి సమయం తినేసేవాడు. కానీ ఫ్రాస్ట్ వెనక కొద్దిమంది మనుషులు నెలల తరబడి కాగితాలు తిరగేశారు. వారిలో జేమ్స్ రెస్టన్ జూనియర్ అనే అతను, నిక్సన్ తన అనుచరుడు కోల్సన్‌తో మాట్లాడిన మాటల రాతప్రతులను పట్టుకున్నాడు. అవి ఎవరూ అంతగా పట్టించుకోనివి. వాటర్‌గేట్ వంతు వచ్చినప్పుడు ఫ్రాస్ట్ ఆ మాటలను తేదీలతో సహా చదివి వినిపించాడు. అంతవరకు ఒడుపుగా తప్పించుకుంటూ వచ్చిన పెద్దమనిషికి ఊపిరి సలపలేదు. దేశాన్ని, తన మిత్రులను నిరాశపరిచానని చివరికి ఆయన నోటివెంట వచ్చింది. మరో రోజు మాటల్లో, అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదన్న అర్థంలో అన్న మాట నేటికీ ప్రపంచమంతా చెప్పుకుంటోంది. 1977 మే 4న ప్రసారమైన మొదటి భాగాన్ని నాలుగున్నర కోట్ల మంది చూశారు.

ఇందులో గమనించవలసింది ఫ్రాస్ట్ గొంతు కాదు, ఆయన చేతిలోని కాగితం. మా వృత్తిలో ఉన్నవారికి ఇది బాగా తెలుసు. ప్రెస్‌మీట్‌లో కాగితం ఇచ్చేది వాళ్లు, టీ ఇచ్చేది వాళ్లు. మొదటి ప్రశ్న ఎవరైనా అడగగలరు. జవాబు విని, ‘అయ్యా, మొన్న మీ ఉత్తర్వులో ఇలా లేదే’ అని రెండో ప్రశ్న వెయ్యాలంటే ఆ ఉత్తర్వు చదివి ఉండాలి. రెండో ప్రశ్న వేసినవాణ్ని పక్కవాడే మోచేత్తో పొడుస్తాడు, టీ చల్లారిపోతోందని.

రెండో ప్రశ్నకూ లొంగని వాళ్లుంటారు. 1997 మేలో బీబీసీలో జెరెమీ పాక్స్‌మన్, మాజీ హోంమంత్రి మైకేల్ హోవర్డ్‌ను ఒక్కటే ప్రశ్న 12 సార్లు అడిగాడు. జైళ్ల అధిపతిని, నీ మాట కాదని నేనే ఆదేశిస్తానని మీరు బెదిరించారా లేదా అని. హోవర్డ్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ తర్వాతి అంశం సిద్ధంగా లేక సాగదీశానని పాక్స్‌మనే తరవాత చెప్పుకున్నాడు, అది వేరే సంగతి. జవాబు రాకపోయినా చూసేవారికి జవాబు దొరికింది. అరవడం కూడా అవసరం లేదు. 2019 నవంబరులో రాజకుమారుడు ఆండ్రూను ఎమిలీ మెయిట్‌లిస్ రాజప్రాసాదంలోనే కూర్చుని ప్రశ్నించినప్పుడు ఆమె గొంతు పెంచింది లేదు. ఆ కార్యక్రమం వచ్చిన నాలుగు రోజులకే ఆయన అధికారిక విధుల నుంచి తప్పుకోవలసి వచ్చింది.

మన దేశంలో ఇటువంటివి లేవని కాదు. 2004లో కుమారి జయలలితను, 2007లో గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న శ్రీ నరేంద్ర మోదీని కరణ్ థాపర్ ఇంటర్వ్యూ చేశారు. శ్రీ మోదీ మూడు నిమిషాలకే మైకు తీసేసి లేచారు. కుమారి జయలలిత మాత్రం చివరిదాకా కూర్చుని, మీతో మాట్లాడటం నాకేమీ సంతోషంగా లేదని మొహం మీదే చెప్పి నమస్కారం పెట్టారు. నచ్చని ప్రశ్నలు ఎదురైనా కూర్చున్నందుకు ఆమెను మెచ్చుకోవాలి. ఆ రెండూ ఇంగ్లీషులో జరిగాయి. ఇంగ్లీషు రానివారికి అంత నిష్ఠురమైన ప్రశ్న వినే యోగం లేదా?

ఇంగ్లీషువాళ్ల దగ్గర కూడా ఈ దీపం కొడిగడుతోంది. దేశదేశాల నాయకులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అరగంట నిలదీసే ‘హార్డ్‌టాక్’ కార్యక్రమాన్ని బీబీసీ 1997లో మొదలుపెట్టింది. మొదట టిమ్ సెబాస్టియన్, తర్వాత చాలా ఏళ్లు స్టీఫెన్ సకర్ నడిపారు. ఖర్చు తగ్గింపు పేరుతో 2024 అక్టోబరులో 130 ఉద్యోగాల కోతతోపాటు దాన్నీ ఎత్తేస్తున్నట్లు ప్రకటించారు. 2025 మార్చిలో అది ఆగిపోయింది. ఇప్పుడు యూట్యూబులో మూడేసి గంటల ముచ్చట్లు వస్తున్నాయి కదా అనవచ్చు. 2024 అక్టోబరులో ట్రంప్ కూడా జో రోగన్‌తో దాదాపు మూడు గంటలు మాట్లాడారు. పొడుగు వేరు, లోతు వేరు. కాలవ కోసుల కొద్దీ పారినా మోకాలు తడవకపోవచ్చు.

ఇక మన చెరువు గట్ల మీదికి వద్దాం. కాళ్ల, ఉండి, ఆకివీడు, భీమవరం పరిసరాల్లో రొయ్య వేసిన ప్రతి రైతుకూ 2025 సంవత్సరం గుర్తుండిపోతుంది. ఏప్రిల్ 2న ట్రంప్ మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించారు. వెంటనే ఇక్కడ కౌంటు ధరలు తగ్గించారు. ఏప్రిల్ 9న, 10 శాతం ఉంచి మిగిలింది 90 రోజులు వాయిదా వేశారు. ఆగస్టు 7 నుంచి 25, ఆగస్టు 27 నుంచి 50 శాతం అయింది. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దీనికి అదనం. మన రొయ్యకు అతి పెద్ద బేరగాడు అమెరికాయే కాబట్టి దెబ్బ తగులుతుందని ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ వారాల్లో ఛానళ్లలో జరిగిందేమిటి? ట్రంప్‌ను ఒకరు తిట్టారు, కేంద్రాన్ని ఒకరు, రాష్ట్రాన్ని ఒకరు. చెరువులో మేత వేస్తున్న రైతుకు కావలసిన ఒక్క అంకె ఎవరూ చెప్పలేదు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలకు టెలివిజను చూపించిన ప్రయోగంలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. సేద్యం, ఆరోగ్యం సంగతులు పల్లెవాసికి తెలియజెప్పడానికే ఆ పెట్టెను మన ఊళ్లకు తెచ్చారు. కాబట్టి పల్లె జనం వారానికి ఒక గంట అడగడం అత్యాశేమీ కాదు. ప్రైవేటు ఛానళ్లకు ప్రకటనల లెక్కలుంటాయి. ప్రజల సొమ్ముతో నడిచే దూరదర్శన్ సప్తగిరికి ఆ ఇబ్బంది లేదు. ఒక్క అతిథి, ఒక్క విషయం, చదువుకుని వచ్చిన ఒక్క ప్రశ్నకుడు చాలు. విదేశాంగ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగువారిని, వాణిజ్య శాఖ అధికారులను, రొయ్యల ఎగుమతిదారులను, గల్ఫ్‌కు మనుషులను పంపే లైసెన్సు ఏజెంట్లను పిలవాలి. ప్రశ్నలు ముందుగా ఇవ్వకూడదు.

మొదటి వారం ఎగుమతిదారును పిలిస్తే ఏం అడగాలో ఏ గట్టు మీద రైతైనా రాసిస్తాడు. సుంకం అమెరికా రేవులో కట్టేది అక్కడ కొనుక్కునేవాడు కదా, అందులో ఎంత మీ మీద వేశాడు, మీరు ఎంత మా మీద వేశారు? ఏప్రిల్ 2కు ముందే ఓడ ఎక్కిన సరుకుకు పాత ధరే వచ్చిందా లేదా? ప్రకటన రాగానే రేటు తగ్గించిన మీరు, ఏప్రిల్ 9న వాయిదా పడ్డాక ఎన్ని రోజులకు, కిలోకు ఎన్ని రూపాయలు తిరిగి పెంచారు? బిల్లులు తెచ్చారా?