అధిక సంఖ్యాకుల సుఖమే నీతి అయితే…

కళాశాలలో అడుగుపెట్టిన మన పిల్లలకు ఇప్పుడు ‘మానవ విలువలు’, ‘వృత్తి నైతికత’ వంటి పేర్లతో ఒక పాఠ్యాంశం ఎదురవుతున్నది. సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో 2013 నుంచి నీతిశాస్త్రానికి 250 మార్కుల పత్రమే ఉన్నది. అంటే రేపు కలెక్టరు కుర్చీలోనో, పోలీసు అధికారి హోదాలోనో కూర్చోబోయే యువత న్యాయాన్యాయాల గురించి మొదటిసారి క్రమబద్ధంగా ఆలోచించేది ఈ పాఠాలలోనే. అక్కడ ఏమి చెబుతున్నారు, ఏమి దాస్తున్నారు అన్నది కేవలం అధ్యాపకుల వ్యవహారం కాదు. రేపు ఆ కుర్చీల ముందు అర్జీ పట్టుకొని నిలబడేది మనమే గనుక, అది మన వ్యవహారం కూడా.

మొదటే ఒక మాట స్పష్టం చేస్తాము. నైతిక సిద్ధాంతాలు బోధించడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. మన సముదాయంలోనే కొందరు పెద్దలు “ఈ పాశ్చాత్యుల తర్కాలు మన పిల్లలకెందుకు, విశ్వాసం చెడిపోతుంది” అంటున్నారు. వారితో మేము ఏకీభవించము. మా అభ్యంతరం బోధన ఎక్కువైందని కాదు, సగంలో ఆగిపోతున్నదని. ఆ తెగిపోయిన రెండో సగంలోనే మైనారిటీల ప్రాణం ఉన్నది.

ఉపయోగితావాదాన్నే తీసుకోండి. ‘అత్యధిక సంఖ్యాకుల అత్యధిక సుఖం’ అన్న సూత్రాన్ని విద్యార్థి ఒక్క రాత్రిలో బట్టీ పడతాడు. జెరమీ బెంథామ్ పేరు, 1789లో వెలువడిన ఆయన గ్రంథం పేరు రాస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. ఆ పరంపరకే చెందిన జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ‘ఆన్ లిబర్టీ’ రాసి, అధిక సంఖ్యాకుల నిరంకుశత్వం రాజు నిరంకుశత్వానికి తీసిపోదని హెచ్చరించిన సంగతి మాత్రం అతనికి ఎవరూ చెప్పరు. 1957లో మెక్‌క్లాస్కీ అనే తాత్వికుడు వేసిన ప్రశ్న కూడా అతని చెవిన పడదు. ఊరిలో మతిచెడిన గుంపు రగిలిపోతున్నది. ఒక నిరపరాధిని దోషిగా చూపి శిక్షిస్తే అల్లర్లు ఆగి పదిమంది ప్రాణాలు దక్కుతాయి. అప్పుడు ఆ నిరపరాధిని బలి ఇవ్వడం నీతి అవుతుందా? మెక్‌క్లాస్కీ ఉదాహరణలోని ఆ నిరపరాధి నల్లజాతివాడు. గుంపులు శాంతించడానికి బలిపశువును ఎప్పుడూ ఏ ఇళ్ళ నుంచి వెతుకుతారో ఆ ఉదాహరణ దాచలేదు. మన తరగతి గది దాస్తున్నది.

ఇక రెండో అభ్యంతరం. మాకు బాగా తెలిసిన కుటుంబంలోని ఒక అమ్మాయి డిగ్రీ చదువుతున్నది. తరగతిలో అధ్యాపకుడు ప్రసిద్ధమైన ‘బాంబు సమస్య’ను ముందుపెట్టాడట. నగరంలో ఎక్కడో బాంబు ఉన్నది, గంటలో పేలుతుంది, దాన్ని పెట్టినవాడు మీ చేతికి చిక్కాడు, అతణ్ణి హింసించి నిజం రాబట్టవచ్చా? ఉదాహరణ సులువుగా అర్థం కావడానికని అధ్యాపకుడు ఆ దొరికినవాడికి ఒక ముస్లిం పేరు పెట్టాడు. తరగతి మొత్తం “హింసించవచ్చు” అని చేతులెత్తింది. ఆ అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. ఆ అధ్యాపకునికి ద్వేషం ఉన్నదని మేము అనుకోవడం లేదు. ద్వేషం లేకుండానే ఆ పేరు నోటికి రావడమే మా భయం.

ఆ ఉదాహరణలో ఒక మోసం ఉన్నది. దొరికినవాడే దోషి అని అది ముందుగానే ఒప్పించేస్తుంది. నిజ జీవితంలో ఆ నిశ్చయం ఎవరికీ ఉండదు. హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదులో, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. ఆ తరువాత నగరంలోని ముస్లిం యువకులను పదుల సంఖ్యలో అదుపులోకి తీసుకున్నారు. చిత్రహింసలు పెట్టారని వారు వాపోయారు. కేసులు పెట్టినవారిని న్యాయస్థానాలు నిర్దోషులని విడిచిపెట్టాయి. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద అప్పటి ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టివేసింది. పేలుడు కేసులో తరువాత నిందితులుగా నిలబడినవారు వేరే మతస్థులు. 2018 ఏప్రిల్‌లో వారినీ కోర్టు నిర్దోషులుగా ప్రకటించింది. అంటే నేటికీ ఆ నేరానికి శిక్ష పడినవాడు లేడు. ఆ యువకులు పోగొట్టుకున్న కాలం మాత్రం తిరిగి రాలేదు.

నీతిశాస్త్ర తరగతిలో చర్చించవలసిన ఉదాహరణ ఇది. ఊహాజనితమైన బాంబు కంటే ఇది మన ఇంటికి దగ్గర. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని కాంట్ 1785లో ఎందుకన్నాడో ఆ యువకుని ముఖం చూస్తే అర్థమవుతుంది. నీవు ఏ మతంలో, ఏ కులంలో పుడతావో తెలియని స్థితిలో నిలబడి చట్టం రాయమని రాల్స్ 1971లో ఎందుకు కోరాడో కూడా అర్థమవుతుంది. కస్టడీ హింసను అరికట్టడానికి డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో మార్గదర్శకాలు ఇచ్చింది. చిత్రహింసల నిషేధంపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసింది, ధ్రువీకరణ మాత్రం నేటికీ చేయలేదు. ఈ నాలుగు వాక్యాలకు పాఠ్యపుస్తకంలో చోటు లేదా?

మూడో అభ్యంతరం మతాన్ని చూపించే తీరు గురించి. ‘దైవాజ్ఞా సిద్ధాంతం’ అని ఒక చిన్న భాగం ఉంటుంది. దేవుడు చెప్పాడు గనుకనే మంచి మంచి అయిందని విశ్వాసులు నమ్ముతారని రాసి, ప్లేటో వేసిన ప్రశ్నతో దాన్ని పడగొట్టి, పేజీ తిప్పేస్తారు. చదివిన విద్యార్థికి విశ్వాసి అంటే ఆలోచన మానుకున్నవాడు అన్న ముద్ర మిగులుతుంది. అదే ప్రశ్న మీద బస్రాలో, బాగ్దాదులో శతాబ్దాల పాటు వాదం నడిచింది. మంచిచెడులను మానవ బుద్ధి స్వయంగా గ్రహించగలదని ముతజిలా పండితులన్నారు, అష్అరీలు కాదన్నారు. మిస్కవైహ్ గ్రీకు తత్వాన్ని ఇస్లామీయ జీవనంతో కలిపి ‘తహ్‌జీబుల్ అఖ్లాఖ్’ రాశాడు. సర్ సయ్యద్ 1870లో స్థాపించిన పత్రికకు ఆ పేరే పెట్టుకున్నాడు. అరిస్టాటిల్ నీతి గ్రంథానికి ఇబ్న్ రుష్ద్ రాసిన వ్యాఖ్యానం 13వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళి యూరప్ పండితులకు చేరింది. సద్గుణ నీతి పాఠంలో అరిస్టాటిల్ పేరు వస్తుంది, ఆయనను మోసుకొచ్చినవారి పేరు రాదు.

“ఇది ప్రాథమిక పాఠం, ఇన్ని సంగతులకు సమయమేదీ?” అని కొందరు అడుగుతారు. ఒక సూత్రాన్ని చెప్పడానికి సమయం ఉన్నప్పుడు ఆ సూత్రం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పడానికీ సమయం ఉండాలి. “తరగతి గదిలోకి మతాన్ని తెస్తున్నారు” అని మరికొందరు అంటారు. బాంబు పెట్టినవాడికి ముస్లిం పేరు తగిలించిన నాడే మతం తరగతిలోకి వచ్చింది. మేము దానిని బయటికి పంపమంటున్నాము.

అయితే ఈ తూకపురాళ్ళు మన ఇంటికీ వర్తిస్తాయి. మైనారిటీ హక్కులు ఓట్ల లెక్కతో కొలవదగినవి కావని మనం రాజ్యాంగాన్ని చూపి వాదిస్తాము. మరి మన మధ్య సంఖ్యలోనూ బలంలోనూ చిన్నవారైన దూదేకుల, మెహతర్ సోదరుల మాట మసీదు కమిటీలలో ఎంతవరకు చెల్లుతున్నది? మన ఆడపిల్లల వాటా గురించి, వారి ఇష్టానిష్టాల గురించి ‘పదిమంది ఏమనుకుంటారో’ అన్న లెక్కతోనే తీర్పు చెప్పడం లేదా? ఇతరుల నుంచి కోరే న్యాయాన్ని మన వాకిట్లో నిరాకరిస్తే మన వాదానికి నైతిక బలం ఉండదు. పగవారి పట్ల సైతం న్యాయం తప్పరాదని నమ్మే సముదాయానికి స్వజనం పట్ల న్యాయం ఇంకెంత బాధ్యత!

విద్యామండళ్ళనూ, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలనూ మేము కోరేది మూడే. ఏ సిద్ధాంతాన్ని బోధించినా దానిపై వచ్చిన బలమైన ఆక్షేపణతో కలిపి బోధించండి. ఊహాజనిత ఉదాహరణల్లో నేరస్థునికి ఏ సముదాయం పేరూ తగిలించకండి. ఈ నేల మీద జరిగిన అన్యాయాలను, అవి దళితులవైనా, ఆదివాసులవైనా, ముస్లింలవైనా, చర్చకు పెట్టండి.

మన పిల్లలకు చెప్పేది ఒక్కటే. ఆ తరగతిలో తల వంచుకోకండి. సిద్ధాంతాలను అందరికంటే శ్రద్ధగా చదవండి. చేతులెత్తిన తరగతిలో లేచి నిలబడి “దొరికినవాడే దోషి అని మీకెలా తెలుసు?” అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నీతిశాస్త్రం.